కొలత ఎవరి చేతిలో?

మన భాషలో పర్యావరణం మీద వచ్చే పుస్తకాలు చాలావరకు రెండు రకాలు. మొదటి రకం చదివితే ఇక మిగిలిందేమీ లేదని దిగులు పుడుతుంది. రెండో రకం చదివితే పెద్దలకు అన్నీ తెలుసునని, మనమే చెడగొట్టుకున్నామని ఒక తియ్యటి పశ్చాత్తాపం కలుగుతుంది. పశ్చాత్తాపానికి ఖర్చు తక్కువ కాబట్టి రెండో రకానికే గిరాకీ ఎక్కువ. ఈ పుస్తకం ఆ రెంటిలోనూ చేరదు. ఇది లెక్కల పుస్తకం. ఊళ్లవాళ్లూ, శాస్త్రం చదువుకున్నవాళ్లూ ఒకచోట కూర్చుని వేసిన లెక్కలు, వాటి మీద పడ్డ తగువులు ఇందులో ఉన్నాయి. ఆ తగువుల్లో తెగినవి కొన్ని, తెగనివి కొన్ని.

రచయిత్రి నా మనవరాలి ఈడు పిల్ల. పత్రికల్లో పనిచేసి, అది మానుకుని, పల్లెల వెంట తిరిగి ఈ పుస్తకం రాసింది. రాతప్రతి తెచ్చి నా ముందు పెట్టి, "తాతగారూ, పొగడడానికి వద్దు, తప్పులు పట్టడానికి చదవండి" అంది. ఉద్యోగమంతా భూగర్భ జలాల వెంట తిరిగినవాణ్ని, తప్పులు పట్టడం నాకు ఇష్టమైన పనే. చెప్పినవి కొన్ని దిద్దుకుంది. కొన్నిచోట్ల నా మాట ఒప్పుకోక, ఎందుకు ఒప్పుకోవడం లేదో రాసి పంపించింది. పెద్దాయన చెప్పాడు కదా అని తలూపేసి ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇంత ఉత్సాహం ఉండేది కాదు.

పుస్తకంలో సగభాగం బోరుబావుల కథ. నా వృత్తి అదే కాబట్టి దాని దగ్గరే కాస్త ఎక్కువసేపు నిలబడతాను, పాఠకులు ఓపిక పట్టాలి.

అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ వైపు నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు, దాని జాతి రాళ్లు. పైన కొంత మేర ఎండకూ వానకూ శిథిలమై మెత్తబడ్డ పొర, దాని కింద పగుళ్లు, ఆ కింద ఇక గట్టిరాయి. నీళ్లు నిలిచేది ఆ మెత్తటి పొరలోను, ఆ పగుళ్లలోను. అంతకుమించి చోటు లేదు. కానీ భూమి అడుగున ఎక్కడో ఏరు పారుతూ ఉంటుందని, ఇంకో వంద అడుగులు దింపితే అందుతుందని ఒక నమ్మకం మన రైతుల్లో బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని రిగ్గులవాళ్లు పెంచి పోషించారు. వేపపుల్ల పట్టి, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూపించేవాళ్లు దానికి తోడయ్యారు. ఒక రైతుకు రెండించుల నీళ్లు పడితే పక్క రైతు అంతకన్నా లోతుకు దింపుతాడు. మొదటివాడి బోరు ఎండుతుంది. వాడు మళ్లీ అప్పు తెస్తాడు. ఉమ్మడి ఇంటి గాదెకు కోడళ్లందరి దగ్గరా తలా ఒక తాళంచెవి ఉండి, గాదెలో ఎన్ని బస్తాలున్నాయో మాత్రం ఎవరికీ తెలియకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది వ్యవహారం.

గాదెలో ఎంతుందో లెక్క తెలిసినవాళ్లు లేకపోలేదు. జిల్లా కేంద్రంలో మాలాంటివాళ్లం ఉన్నాం. పరిశీలక బావుల్లో మట్టం కొలిచేవాళ్లం, పటాలు గీసేవాళ్లం, ఫలానా మండలంలో తోడకం మితిమీరిందని నివేదిక రాసేవాళ్లం. ఆ నివేదిక పైకి వెళ్లేది. ఎవరి మోటారు గురించి రాశామో ఆ రైతు వైపు మాత్రం వెళ్లేది కాదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వెయ్యాలంటే అనుమతి కావాలన్నారు. చట్టం కాగితం మీద మంచిదే. రాత్రికి రాత్రి వచ్చి తెల్లారేసరికి బోరు దింపి వెళ్లిపోయే రిగ్గును ఏ కాగితం ఆపుతుంది?

ఈ నేపథ్యంలో జరిగిన ఒక ప్రయత్నాన్ని రచయిత్రి చాలా శ్రద్ధగా తవ్వి తీసింది. 1995 నుంచి నెదర్లాండ్స్ సాయంతో చిన్న, సన్నకారు రైతులకు బోర్లు వేయించిన ఏపీవెల్ అనే పథకం ఒకటి నడిచింది. బోర్లు వేస్తూ పోతే నీళ్లు మిగలవని ఆ పథకం నడిపినవాళ్లకే అర్థమైంది. దాని కొనసాగింపుగా 2003లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు మొదలైంది. పొడుగాటి ఇంగ్లీషు పేరు కుదించి అందరూ 'అప్‌ఫామ్స్' అనేవాళ్లు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండ, నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ నడక, మరికొన్ని సంస్థల తోడు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో 638 ఊళ్లు.

అక్కడ చేసిన పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. వానమాపకాన్ని రైతు పెరట్లో పెట్టారు. బావిలో నీటిమట్టం కొలిచే టేపును రైతు చేతికిచ్చారు. టేపు చివర నీళ్లను తాకగానే చప్పుడు చేస్తుంది, అంతే యంత్రం. బోరు ఎన్ని నీళ్లు పోస్తోందో డ్రమ్ము పెట్టి, గడియారం చూసి లెక్కగట్టడం నేర్పారు. వాన పడ్డ రోజల్లా వాన, పదిహేను రోజులకోసారి మట్టం. అవి రైతు పుస్తకంలోకి, అక్కణ్నుంచి ఊరి మధ్య గోడ మీది బోర్డులోకి ఎక్కేవి. రాసినవాళ్లలో ఆడవాళ్లు గణనీయంగా ఉన్నారు. ఊరి ఎల్లలను పక్కన పెట్టి, ఒక వాగులోకి నీళ్లు దిగే ఊళ్లన్నిటినీ ఒక యూనిట్‌గా తీసుకున్నారు. పై ఊరివాళ్లూ కింది ఊరివాళ్లూ ఒకే లెక్క ముందు కూర్చోవలసి వచ్చింది.

ఖరీఫ్ ముగిసి రబీ మొదలయ్యే ముందు అసలు సభ. ఆ ఏడు ఎంత వాన పడింది, ఎంత ఇంకింది, ఇప్పటికి ఎంత తోడాం, మిగిలింది ఎంత అని ఒకవైపు రాస్తారు. ఎవరెవరు ఏ పైరు ఎన్ని ఎకరాలు వెయ్యాలనుకుంటున్నారో, దానికి ఎంత నీరు కావాలో రెండో వైపు రాస్తారు. రెండో వైపు ఎప్పుడూ పెద్దదే.

ఆ లెక్క ఎలాంటిదో పాఠకులకు అందడానికి ఒక ఉదాహరణ నేనే వేస్తాను. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,047 లీటర్లు. అనంతపురంలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. రాతినేలల్లో పడ్డ వానలో పదోవంతు భూమిలోకి ఇంకిందంటే గొప్పే. ఆ గొప్పనే ఒప్పుకుంటే ఎకరానికి ఇంకేది 2 లక్షల 20 వేల లీటర్ల చిల్లర. బోరు కింద ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టామనుకోండి, 48 లక్షల లీటర్లు దాటుతుంది. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుంది, నిజమే, దాన్ని కాసేపు పక్కన పెడితే ఒక ఎకరం వరి దాదాపు 22 ఎకరాల మీద ఇంకిన వాననీటిని తాగుతోందన్నమాట. ఆ ఇరవై రెండు ఎకరాలూ ఆ రైతువి కావు. ఈ మాట నేను వేదికెక్కి చెబితే ఉపన్యాసం అవుతుంది. తన పెరట్లో తానే కొలిచిన వాన, తన బావిలో తానే చూసిన మట్టం ఆధారంగా రైతు తానే గుణించుకుంటే అది ఇంటి లెక్క అవుతుంది, ఆ రాత్రి పడుకోనివ్వదు.

ఈ సభలను రచయిత్రి వర్ణించిన తీరు చాలా బాగుంది. అక్కడ ఎవరూ ఎవరికీ వరి వెయ్యొద్దని చెప్పలేదు. తీర్మానాలు లేవు, జరిమానాలు లేవు, వెయ్యకపోతే ఇంత ఇస్తామన్న ఆశ కూడా లేదు. నీటి లోటు ఇంత, వేరుశనగకో పప్పుధాన్యాలకో మారితే ఇంత తగ్గుతుంది, మీ ఇష్టం అన్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భ జలాల మీద వెలువరించిన నివేదిక ఈ ప్రాజెక్టును ప్రత్యేకంగా పరిశీలించి ఒక మంచి మాట చెప్పింది. రైతులు తోడకం తగ్గించుకున్నది త్యాగంతోనో సామూహిక క్రమశిక్షణతోనో కాదని, నష్టభయాన్ని బేరీజు వేసుకుని ఎవరికి వారు తీసుకున్న వేలాది నిర్ణయాల మొత్తమే అదని దాని సారం. మన సభల్లో రైతును అయితే అమాయకుడిగా, లేకపోతే అన్నదాతగా నిలబెట్టడం అలవాటు. లెక్క తెలిసిన వ్యాపారిగా గౌరవించినవాళ్లు తక్కువ. ఈ రచయిత్రి ఆ తక్కువమందిలో ఉంది.

ఇక శాస్త్రవేత్తలకు ఏం ఒరిగింది? దీన్ని చాలామంది పట్టించుకోరు. మాకు జిల్లా అంతటికీ ఉండే పరిశీలక బావులు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. వాటి మధ్య ఉన్న జాగా అంతా మేము ఊహతో గీత గీసి నింపినదే. ఊళ్లు కొలవడం మొదలుపెట్టాక ఆ ఊహల స్థానంలో అంకెలొచ్చాయి. దానికన్నా ముఖ్యం, ప్రశ్నలొచ్చాయి. ఒకే వాన పడితే మా బావిలో మట్టం లేచింది, పక్క చేనులో ఎందుకు లేవలేదు? చెరువు నిండిన ఎన్ని రోజులకు కింది బోర్లకు ఊట తగులుతుంది? మెత్తటి పొర ఎండాక పగుళ్లలో మిగిలిన నీళ్లు ఎన్నాళ్లొస్తాయి? ఇవి నిజమైన పరిశోధన ప్రశ్నలు. యూనివర్సిటీలో కూర్చుంటే తట్టవు. పైరు మధ్యలో నీళ్లు ఆగిపోయిన మనిషికి తడతాయి.

ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఏమైందో కూడా ఈ పుస్తకంలో ఉంది. అది లేకపోతే నేను ముందుమాటకు ఒప్పుకునేవాణ్ని కాదు. చాలా ఊళ్లలో బోర్డుల మీద అంకెలు ఆగిపోయాయి. సభలు పలచబడ్డాయి. కొత్తగా బోరు వేసినవాడు సంఘంలో సభ్యుడు కాడు, అతనికి ఆ లెక్కతో పని లేదు. సాగుకు ఉచిత విద్యుత్తు 2004 నుంచి ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటలదైంది. రైతుకు కరెంటు ఇవ్వొద్దనే మనిషిని కాను నేను. కానీ మోటారు ఆపడానికి ఒక్క కారణమూ మిగలనప్పుడు, గోడ మీది అంకె ఒక్కటే ఎంతకాలం కాపలా కాస్తుంది? నా లెక్కలో అసలు లోపం ఇంకోటి. ఊరు కొలిచిన అంకెకు ఊరి బయట హోదా లేదు. పంచాయతీ తీర్మానంలో దానికి చోటు లేదు, మండల ఆఫీసు ఫైలులో లేదు, బ్యాంకు పంటరుణం ఇచ్చేటప్పుడు అడగదు. కొలిచినవాడికి గౌరవం వచ్చింది గాని అధికారం రాలేదు. అధికారం లేని గౌరవం ప్రాజెక్టు జీపు ఊరు దాటేదాకానే ఉంటుంది.

ఒక చిన్న పక్కమాట. 2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన మొదలుపెట్టింది. ఊరి నీటి బడ్జెట్టు, ఊరివాళ్లే మట్టాలు కొలవడం, నీటి భద్రత ప్రణాళిక, ఇవన్నీ అందులో ఉన్నాయి. పథకం ఏడు రాష్ట్రాలకు ఇచ్చారు: గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. ఆ పని ఏళ్ల ముందే వందల ఊళ్లలో చేసి చూపిన తెలుగు జిల్లాలు ఆ జాబితాలో లేవు. రచయిత్రి దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోయింది. నేనైతే ఒక అధ్యాయం రాసేవాణ్ని.

నీళ్ల తర్వాత పురుగుల అధ్యాయం. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, నా వృత్తికి సంబంధం లేకపోయినా. తెలంగాణ మెట్ట పొలాల్లో ఆముదాన్ని ఊడ్చిపెట్టే ఎర్ర గొంగళి పురుగు ఉంది. మందుకు లొంగదు, ఒళ్లంతా నూగు. అది గొంగళిగా మారాక చేయగలిగింది తక్కువ. కానీ దాని రెక్కల పురుగులు తొలకరి వానలు పడగానే నేలలోంచి ఒక్కసారిగా లేస్తాయి, వెలుతురుకు ఎగబడతాయి. ఈ జీవితచక్రం కీటకశాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. ఆ రాత్రుళ్లు చేలల్లో మంటలు వేస్తే గుడ్లు పెట్టకముందే చస్తాయి. అయితే ఒక్క రైతు మంట వేస్తే చుట్టుపక్కల పురుగంతా అతని చేనుకే వచ్చిపడుతుంది. ఊరంతా ఒకే రాత్రి వెయ్యాలి. ఎప్పుడు వెయ్యాలో శాస్త్రం చెబుతుంది, అందరిచేతా వేయించడం ఊరి పెద్దరికం వల్లే అవుతుంది. రెంటిలో ఏ ఒక్కటి లోపించినా పురుగుదే గెలుపు. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన ఎం.ఎస్. చారిగారు ఉద్యోగ విరమణ తర్వాత ఇటువంటి పనికి పూనుకున్నారు. పురుగుమందులు లేని సస్యరక్షణ అన్న ఆలోచన మన దగ్గర వేళ్లూనుకోవడంలో ఆయన పాత్ర పెద్దది.

తర్వాత అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల వచ్చింది. పత్తికీ మిరపకూ మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలైన ఊరు, 2000 దశకం మొదట్లో వేపగింజల కషాయానికీ, లింగాకర్షక బుట్టలకూ, పసుపు జిగురు అట్టలకూ మళ్లింది. పురుగుమందులు వాడబోమని ఊరంతా ప్రకటించుకుంది. వరంగల్ వైపు ఏనబావి ఇంకో అడుగు వేసి రసాయన ఎరువులనూ వదిలేసింది. ఈ కథ మనకు ఎంతోకొంత తెలిసిందే. పుస్తకంలో కొత్తది ఏమిటంటే, పొలంబడికీ బావి లెక్కలకూ ఉన్న చుట్టరికాన్ని పట్టుకోవడం. 1989లో ఇండోనేషియాలో వరిని దోమ తినేస్తుంటే, మందు కొట్టేముందు పొలంలోకి దిగి పురుగులను, వాటిని తినే సాలీళ్లను లెక్కపెట్టడం రైతులకు నేర్పించారు. అక్కణ్నుంచి ఆ పద్ధతి ఆసియా అంతటా పాకింది, మన దగ్గర పొలంబడి అయింది. నీటి ప్రాజెక్టు ఆ బడినే బావి దగ్గరికి తీసుకువచ్చింది. రెండుచోట్లా పాఠం పొలంలోనే, పలక రైతుదే.

నల్గొండ అధ్యాయం చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి షార్ట్, పండిట్, రాఘవాచారి వైద్య పత్రికలో రాసింది 1937లో. అప్పటినుంచి ఎన్ని పరిశోధనలు! నాగపూరులోని నీరి సంస్థ తయారుచేసిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు, ప్రపంచమంతా ఆ పేరుతోనే తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి, తిప్పి, తేరుకున్నాక పైనీళ్లు వంచుకోవాలి. చౌకైనది, రసాయనశాస్త్రం ప్రకారం నిక్కమైనది. అయినా ఇళ్లలో నిలవలేదు. ఎందుకో రచయిత్రి ఆడవాళ్లను అడిగింది. నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో, క్షారత ఎంతుందో తెలిస్తేగాని ఎంత పటిక వెయ్యాలో తెలియదు. ఆ కొలిచే సాధనం ఇంట్లో ఉండదు. కూలికి పోయే మనిషి పొద్దున్నే బకెట్టు దగ్గర నిలబడి తిప్పాలి, గంటసేపు ఆగాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. రోజూ. ఏడాది పొడవునా. పద్ధతి కనిపెట్టినవాళ్లు నీళ్లను పరీక్షించారు గాని, ఆ ఇంటి పొద్దును పరీక్షించలేదు. ఊరి మేలుకోరి చేసిన మంచి శాస్త్రం కూడా ఊరిని అడగకుండా చేస్తే ఏమవుతుందో దీన్ని మించిన పాఠం నాకు కనబడలేదు. చివరికి ఉపశమనం వచ్చింది దూరం నుంచి కృష్ణా నీళ్లు గొట్టాల్లో వచ్చాకే.

పటాన్‌చెరు దగ్గర విషయం తలకిందులు. అక్కడ ఊళ్లకు అంతా తెలుసు. నక్కవాగు నీళ్లు రంగు మారాయని, గేదెలు చస్తున్నాయని, పైరు మాడుతోందని 1980ల నుంచి రైతులు మొత్తుకున్నారు. అక్కడే వైద్యం చేసుకుంటూ వాళ్ల పక్షాన నిలబడ్డ డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఆ మొత్తుకోలును సుప్రీంకోర్టు దాకా నడిపించారు. వాళ్లకు లేనిది అంకె. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఆ అంకె ప్రచురించింది. మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, శుద్ధి అయిపోయాక, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవులు ఎక్కడ పుడుతున్నాయని ప్రపంచం వెతుకుతుంటే, మన వాగు ఒక సమాధానమైంది. అంకె రాగానే ప్రపంచ పత్రికలు రాశాయి. రైతు ఇరవై ఏళ్లుగా చెప్పినప్పుడు రాయలేదు. రచయిత్రి ఇక్కడ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఊరివాడి మాటకు అంకె తోడయితేగాని విలువ లేకపోతే, ఆ అంకె పుట్టించే సామర్థ్యం ఊరికి అందుబాటులో ఎందుకుండకూడదు? నీళ్ల నమూనా పరీక్షకు ల్యాబు అడిగే ఫీజు ఎంతో, నమూనా తీసేటప్పుడు సీసా ఎలా కడగాలో, ఎవరి సంతకం ఉంటే కోర్టు నమ్ముతుందో ఆమె వివరంగా రాసింది. పత్రికల్లో ఇటువంటివి దొరకవు.

రచన గురించి రెండు మాటలు. ఈ పిల్ల తెలుగు శుభ్రమైన తెలుగు. పొలం మనుషుల మాటను అక్షరదోషాలతో రాసి అదే యాస అనుకునే జబ్బు లేదు. రైతు ఇంచుల్లో చెబితే ఇంచుల్లోనే ఉంచి, లీటర్లు పక్కన వేసింది. శాస్త్రవేత్తలను విలన్లు చెయ్యలేదు, ఊరిని గుడి చెయ్యలేదు. ఊళ్లో కులం ఉందని, సభలో ముందు వరసలో ఎవరు కూర్చుంటారో దాన్నిబట్టి బోర్డు మీదికి ఏ బావి అంకె ఎక్కుతుందో మారుతుందని గుర్తించింది.

కాని నాకు అసంతృప్తి కూడా ఉంది. కౌలు రైతు ఈ పుస్తకంలో దాదాపు కనబడడు. బోరు భూమి యజమానిది, పైరు కౌలుదారుది. నీళ్లు తగ్గించుకోవాలన్న లెక్క ఎవరు వెయ్యాలి? ఏడాదికి కౌలు మారిపోయేవాడికి వచ్చే ఏటి మట్టంతో ఏం పని? ఈ చిక్కు విప్పకుండా రైతుల భాగస్వామ్యం గురించి రాసేదంతా భూమి ఉన్నవాళ్ల భాగస్వామ్యమే అవుతుంది. ఏజెన్సీ ప్రాంతాల మీద ఒక్క అధ్యాయమూ లేదు. రెండో ముద్రణలో ఈ రెండూ చేర్చాలని ఆమెకు చెప్పాను, ఇక్కడ అచ్చులో కూడా చెబుతున్నాను, తప్పించుకోవడానికి వీల్లేకుండా.

భూగర్భశాస్త్రం, వ్యవసాయం, రసాయనశాస్త్రం చదువుతున్న పిల్లలు ఈ పుస్తకం చదవాలి. మీ డిగ్రీలో ఊరితో మాట్లాడడం అనే పేపరు లేదు. పరిశోధన పత్రం అచ్చయితే మీ పేరు ముందుంటుంది, పదిహేను రోజులకోసారి ఎండలో నడిచివెళ్లి మట్టం కొలిచిన ఆమె పేరు కృతజ్ఞతల్లో కూడా ఉండదు. ఈ అన్యాయం మీ తరంలోనన్నా ఆగాలి. ఫలితం ఇంగ్లీషులో అచ్చయ్యేలోగా తెలుగులో ఒక్క పేజీ రాసి ఆ ఊరి గోడకు అంటించడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

సర్పంచులకూ, బడిపంతుళ్లకూ, మహిళా సంఘాల వాళ్లకూ నాదొక విన్నపం. పుస్తకం చివర నాలుగు పట్టికలున్నాయి: వాన రాసుకునేది, బావిమట్టం రాసుకునేది, బోరు పోత లెక్కగట్టేది, రబీ నీటి బడ్జెట్టు వేసుకునేది. వాటిని చించి వాడుకోండి, జిరాక్సు తీయించి పంచండి. అనుమతి అడగనక్కర్లేదు, మీ తరఫున నేను ముందే అడిగి పుచ్చుకున్నాను. ఈ ఏడు రబీ నాట్లకు ముందు ఒక్కసారి వేసి చూడండి. లెక్క తప్పనిపిస్తే ప్రచురణకర్తల చిరునామాకు రాయండి, రచయిత్రి జవాబిస్తుంది.